పాఠం పది నిమిషాలు.. బ్యాటరీ పది శాతం

మెట్ట మండలాల్లో చిట్టి పాఠాలకు ఛార్జింగే అడ్డంకి
కరెంటు ఖర్చు స్వల్పం.. పరికరం ఆయుష్షుకే ముప్పు

ఉదయగిరి, ఆత్మకూరు: పలక, బలపం, పుస్తకం సరసన పల్లె విద్యార్థి అవసరాల జాబితాలో కొన్నేళ్లుగా మరొకటి చేరింది. అది ఛార్జింగ్. గంటసేపు సాగే పాఠాన్ని అయిదు, పది నిమిషాల ముక్కలుగా విడగొట్టి ఫోన్‌లోనో, ట్యాబులోనో చూపించే పద్ధతి కరోనా కాలంలో అనివార్యంగా మొదలై, అనంతరం అలవాటుగా స్థిరపడింది. పదో తరగతి విద్యార్థి త్రికోణమితి సమస్యను, ఉపాధ్యాయుడు శిక్షణ మాడ్యూలును, అంగన్‌వాడీ కార్యకర్త పోషకాహార పాఠాన్ని, రైతు తెగులు నివారణ వీడియోను నేడు ఈ విధంగానే చూస్తున్నారు. తీరిక దొరికినప్పుడు ఒక ముక్క చూసి, పనిలో పడి, మళ్లీ మరో ముక్క చూడగలగడం ఈ పద్ధతిలోని సౌలభ్యం. అయితే తీరిక దొరికిన సమయానికి పరికరంలో ఛార్జింగ్ ఉండాలన్నది ఆ సౌలభ్యానికి తొలి షరతు. వెలిగొండల పాదాల చెంత ఉన్న ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు మొదలు పెన్నా తీరాన ఉన్న ఆత్మకూరు, అనంతసాగరం వరకు విస్తరించిన పశ్చిమ మండలాల్లో ఈ షరతు నెరవేరడం పట్టణాల్లో ఉన్నంత తేలిక కాదు.

విద్యుత్ పొదుపు అనగానే వ్యవసాయ మోటార్లు, వీధి దీపాలు, ఫ్యాన్లు గుర్తుకొస్తాయి. అరచేతిలో ఇమిడే పరికరం వాడే కరెంటు ఎంతని తేలిగ్గా తీసుకోవడం సహజం. నిజానికి కరెంటు లెక్కల్లో ఆ తేలికభావం సబబే. సమస్య వేరొక చోట ఉంది.

9.5 లక్షల ట్యాబులు

కరోనా వ్యాప్తితో 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సమయంలో రాష్ట్ర విద్యాశాఖ విద్యార్థులను మూడు వర్గాలుగా విభజించింది. ఇంటర్నెట్ సదుపాయమున్న ఫోన్ కలిగినవారు హైటెక్, టీవీ లేదా రేడియో మాత్రమే ఉన్నవారు లోటెక్, ఏదీ లేనివారు నోటెక్. దూరదర్శన్ సప్తగిరి ఛానల్‌లో పాఠాలు ప్రసారమయ్యాయి. 2020 నవంబరు 2 నుంచి దశలవారీగా బడులు తెరుచుకున్నా, ఫోన్ పాఠం మాత్రం పిల్లవాడి వెంటే నిలిచిపోయింది. కేంద్రం 2017లో ప్రారంభించిన దీక్ష వేదికను ఉపాధ్యాయులు శిక్షణ కోసం విరివిగా వాడడమూ ఆ కాలంలోనే పెరిగింది.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో నాటి ముఖ్యమంత్రి వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డి ట్యాబుల పంపిణీని ప్రారంభించారు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి చదువుతున్న 4,59,564 మంది విద్యార్థులకు, 59,176 మంది ఉపాధ్యాయులకు కలిపి 5,18,740 ట్యాబులు ఇస్తున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. సరిగ్గా ఏడాది తరువాత, 2023 డిసెంబరు 21న అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత మొదలైంది. ఈసారి 4,34,185 మంది విద్యార్థులకు. రెండు విడతలూ కలిపితే 9,52,925 ట్యాబులు.

తొలి విడతలో ఇచ్చినవి 8.7 అంగుళాల శాంసంగ్ ట్యాబులు. బైజూస్ సంస్థ పాఠాలను మెమరీ కార్డులో ముందుగానే నింపి అందజేశారు. ఇంటర్నెట్ లేకున్నా పాఠం నడిచే ఈ ఏర్పాటు మెట్ట ప్రాంతానికి ఎంతో అనువైనది. పంపిణీపై రాజకీయ విమర్శలు ఎన్ని వచ్చినా, లాక్ తొలగించి సినిమాలు చూస్తున్నారన్న ఆరోపణలు ఎంత వినిపించినా, మెమరీ కార్డు నిర్ణయం మాత్రం ఇంధన పొదుపు దృష్ట్యా సరైనదే. కారణం కింద వివరించడమైంది.

ఆ తరువాతి పరిణామాలు తెలిసినవే. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. 2024 జులైలో బైజూస్ మాతృసంస్థపై దివాలా ప్రక్రియ మొదలైంది. పాఠాలు ఇచ్చిన సంస్థ చిక్కుల్లో పడినా, పాఠాలున్న పరికరాలు లక్షలాది ఇళ్లలో మిగిలాయి. వాటిని ఎంతకాలం నడిపించగలమన్నదే ఇప్పటి ప్రశ్న.

ఏడాదికి తొమ్మిది యూనిట్లు

ఆ ట్యాబులోని బ్యాటరీ సామర్థ్యం 5,100 మిల్లీ ఆంపియర్ అవర్లు. దాన్ని విద్యుత్ శక్తిలోకి మారిస్తే దాదాపు 20 వాట్ అవర్లు. ఛార్జరు వేడెక్కి వృథా అయ్యే భాగాన్ని కలుపుకొన్నా ఒకసారి పూర్తిగా నింపడానికి 25 వాట్ అవర్లు చాలు. అంటే ఒక యూనిట్ విద్యుత్తుతో 40 సార్లు ఛార్జింగ్ చేయవచ్చు. రోజూ ఖాళీ చేసి, రోజూ నింపినా ఏడాదికి అయ్యేది తొమ్మిది యూనిట్ల పైచిలుకు. 2022లో ఖరారైన గృహ విద్యుత్ టారిఫ్‌లో 30 యూనిట్లలోపు వాడేవారికి యూనిట్ ధర రూ.1.90. ఆ లెక్కన ఏడాది మొత్తానికి ఖర్చు పదిహేడు, పద్దెనిమిది రూపాయలు. యూనిట్‌కు ఆరు రూపాయలు చెల్లించే ఇంట్లోనైనా రూ.55 దాటదు.

మరో విధంగా చూద్దాం. పంపిణీ చేసిన 9.5 లక్షల ట్యాబులనూ ఏడాది పొడవునా ప్రతిరోజూ పూర్తిగా ఛార్జింగ్ చేశారనుకున్నా, అందుకయ్యే విద్యుత్తు 87 లక్షల యూనిట్లకు మించదు. రాష్ట్రం ఒక రోజులో వాడే విద్యుత్తు సుమారు 20 కోట్ల యూనిట్లు. అంటే పిల్లల ట్యాబులన్నీ కలిసి ఏడాదంతా తాగేది రాష్ట్రం ఒక్క గంటలో వాడుకునే కరెంటు. కనుక ఫోన్ ఛార్జింగ్ తగ్గించి విద్యుత్ సంస్థను ఒడ్డున పడేయాలని ఎవరైనా ప్రచారం చేస్తే అది అక్కరలేని ఉపదేశమే అవుతుంది. ఛార్జరును ప్లగ్‌లో వదిలేయవద్దన్న హెచ్చరికా అంతే. నాణ్యమైన ఛార్జరు ఫోన్ లేకుండా వాడే కరెంటు లెక్కలోకి రానంత స్వల్పం. ఉరుములు, మెరుపుల వేళ దాన్ని తీసివేయాలన్నది మాత్రం పొదుపు కోసం కాదు, భద్రత కోసం.

పరీక్షల ముంగిట నీరసం

అసలు నష్టం బ్యాటరీ ఆయుష్షులో ఉంది. ఫోన్లు, ట్యాబుల్లో ఉండేవి లిథియం అయాన్ బ్యాటరీలు. నింపి, ఖాళీ చేసిన ప్రతిసారీ వాటి సామర్థ్యం కొద్దికొద్దిగా తరుగుతుంది. సగం వాడి సగం నింపితే అర లెక్క, పూర్తిగా వాడి పూర్తిగా నింపితే ఒక లెక్క. సాధారణ శ్రేణి పరికరాల్లో 500 నుంచి 800 పూర్తి ఛార్జింగుల నాటికి సామర్థ్యం 80 శాతానికి పడిపోతుందన్నది పరిశ్రమలో స్థూలమైన అంచనా. ఆ దశ దాటాక తరుగుదల మరింత కనబడుతుంది. 30 శాతం చూపుతూనే హఠాత్తుగా ఆగిపోవడం అప్పుడే మొదలవుతుంది.

ఈ సంఖ్యలను మన పిల్లల క్యాలెండరుపై ఉంచి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. 2022 డిసెంబరు 21న ట్యాబు అందుకున్న ఎనిమిదో తరగతి విద్యార్థి రోజుకొక పూర్తి ఛార్జింగ్ చొప్పున వాడితే 500వది 2024 మే మొదటి వారంలో, 800వది 2025 ఫిబ్రవరి 28న వస్తుంది. ఆ విద్యార్థికి పదో తరగతి పబ్లిక్ పరీక్షలు 2025 మార్చి 17న మొదలయ్యాయి. రెండో విడత వారికీ ఇదే వరుస. 2023 డిసెంబరు 21 నుంచి లెక్కిస్తే 800వ రోజు 2026 ఫిబ్రవరి 28. పునశ్చరణకు చిట్టి పాఠాలు అత్యవసరమయ్యే వేళకే బ్యాటరీ వయసు మీరుతోందన్నమాట. అదే విద్యార్థి రెండు రోజులకొక ఛార్జింగ్‌తో నెట్టుకురాగలిగితే, ఆ పరికరం పదో తరగతి దాటి ఇంటర్మీడియట్ ముగిసేవరకూ అక్కరకు వస్తుంది. పొదుపు చేయాల్సింది యూనిట్లను కాదు, ఛార్జింగుల సంఖ్యను.

ఈ ట్యాబుల బ్యాటరీ పాత సెల్‌ఫోన్‌లోలా వెనుక మూత తీసి మార్చుకునేది కాదు. లోపల అతికించి ఉంటుంది. విప్పడానికి పనివాడు కావాలి, సరైన బ్యాటరీ దొరకాలి. పట్టణంలో మరమ్మతు దుకాణం ఉన్నా, కొండ కింది పల్లె నుంచి అక్కడికి రావాలంటే కూలి పోగొట్టుకొని, బస్సు ఛార్జీ పెట్టుకోవాలి. ఏడాది కరెంటు ఖర్చు రూ.18 అయితే, బ్యాటరీ మార్పిడికి వందల్లో వదులుతుంది. ఉచితంగా వచ్చిన వస్తువుపై అంత సొమ్ము వెచ్చించడానికి కూలి కుటుంబం వెనకాడుతుంది. ఫలితంగా ట్యాబు అటకెక్కుతుంది.

సిగ్నల్ లేనిచోటే ఎక్కువ ఖర్చు

పశ్చిమ మండలాల్లో ఫోన్ త్వరగా ఖాళీ కావడానికి పట్టణవాసికి తెలియని కారణం ఒకటుంది. ఫోన్ వినడమే కాదు, టవరుకు వినబడేలా మాట్లాడాలి కూడా. 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల శక్తితో సంకేతాలు పంపగలదు. టవరు చేరువలో ఉంటే అందులో నూరో వంతు కూడా అవసరపడదు. ఆత్మకూరు బస్టాండులో నిలబడి పాఠం దింపుకొనే ఫోన్ గుసగుసలాడితే సరిపోతుంది. కొండ చాటున, లోయలో, పొలం గట్టున ఉన్న ఫోన్ గొంతు చించుకోవాలి. ఆ 200 మిల్లీవాట్లను వెలువరించడానికి లోపలి పరికరం బ్యాటరీ నుంచి దానికి అనేక రెట్లు లాగుతుంది. సిగ్నల్ పూర్తిగా పోయినచోట పరిస్థితి మరీ దారుణం. టవరు కోసం ఫోన్ పదేపదే వెతుకుతూనే ఉంటుంది. జేబులో ఉన్నదున్నట్లుగానే ఛార్జింగ్ తరిగిపోయిందని పల్లెల్లో వినిపించే ఫిర్యాదుకు మూలం ఇదే. ఫోన్ పాతదైందని, బ్యాటరీ నకిలీదని అనుకోవడం పరిపాటి. తరచూ దోషం కొండది.

చిట్టి పాఠాలకు ప్రత్యేకించి మరో చిక్కు ఉంది. డేటా రాకపోకలు ముగిశాక కూడా ఫోన్‌లోని రేడియో భాగం వెంటనే నిద్రపోదు. మళ్లీ ఏదైనా వస్తుందేమోనని దాదాపు పది సెకన్లపాటు మేల్కొనే ఉంటుంది. పెద్ద పాఠాన్ని ఒక్కసారి దింపుకొంటే ఈ అదనపు నిరీక్షణ ఒకేసారి. అదే పాఠాన్ని పది ముక్కలుగా పదిసార్లు దింపుకొంటే పదిసార్లు. పిల్లవాడు ఎంత చదివాడు, ఎన్ని మార్కులు వచ్చాయి అన్న సమాచారాన్ని నిమిషానికోసారి పైకి పంపే యాప్ ఉందనుకుందాం. పంపేది నాలుగు అంకెలే కావచ్చు. కానీ ప్రతి నిమిషంలో పది సెకన్లు, అంటే పాఠం నడిచిన కాలంలో ఆరో వంతు, రేడియో వృథాగా మేల్కొని ఉంటుంది. నగరంలోని కార్యాలయంలో కూర్చొని యాప్ తయారుచేసే నిపుణుడి బల్లపై ఈ నష్టం కనబడదు. అతడి ఫోన్ ఎప్పుడూ వైఫైలో, ఛార్జరు చెంతనే ఉంటుంది. ముక్కలుగా చదివించడం మంచిదే. ముక్కలుగా దింపుకోవడం మంచిది కాదు. ఈ రెంటికీ గల భేదాన్ని యాప్ తయారీదారులు పాటిస్తే పల్లె ఫోన్ ఆయుష్షు పెరుగుతుంది.

మెమరీ కార్డు నిర్ణయం సరైనదని పైన పేర్కొనడానికి హేతువు ఇదే. కార్డులోని పాఠం చదవడానికి టవరుతో పని లేదు. దీక్ష యాప్‌లోనూ పాఠాలను ముందుగా దింపుకొని తరువాత చూసే వీలుంది. ఉన్నత పాఠశాలకో, సంతకో మంచి సిగ్నల్ ఉన్న ఊరికి వచ్చినప్పుడు వారానికి సరిపడా పాఠాలు ఒకేసారి దింపుకొని, ఇంటి దగ్గర ఏరోప్లేన్ మోడ్‌లో చూస్తే ఛార్జింగ్ గణనీయంగా మిగులుతుంది. ఇంట్లో ఒకే ఫోన్ ఉండి, దానికే బెంగళూరు వలస వెళ్లిన తండ్రి ఫోన్ చేయాల్సి ఉంటే ఈ సలహా పనికిరాదన్నదీ వాస్తవమే. అటువంటి ఇళ్లలో కనీసం మొబైల్ డేటా ఆపివేసి, పాఠం చూసే వీలుంది. కాల్స్ యథావిధిగా వస్తాయి.

సిగ్నల్ అందని గ్రామాలకు 4జీ సేవలు విస్తరించేందుకు కేంద్ర మంత్రివర్గం 2022 జులైలో రూ.26,316 కోట్ల ప్రాజెక్టును ఆమోదించింది. దేశవ్యాప్తంగా 24,680 గ్రామాలు దాని పరిధిలోకి వస్తాయి. బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ వ్యవస్థను ప్రధాని 2025 సెప్టెంబరు 27న ప్రారంభించారు. టవరు వస్తే మాటలు వినబడతాయన్నదే జనం లెక్క. ఊళ్లోని ప్రతి ఫోన్ ఛార్జింగుల సంఖ్య కూడా తగ్గుతుందన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోని లాభం.

నల్ల తెర అపోహ

తెరను నలుపు చేస్తే ఛార్జింగ్ మిగులుతుందన్న సలహా వాట్సాప్‌లో విస్తృతంగా తిరుగుతోంది. ఇది సగం నిజం. ప్రతి చుక్కా స్వయంగా వెలిగే ఓఎల్ఈడీ తెరల్లో నలుపు అంటే ఆ చుక్క ఆరిపోవడమే కాబట్టి పొదుపు ఉంటుంది. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో జరిపిన పరిశీలనలో ఇటువంటి తెర వెలుగును పూర్తిగా పెంచినప్పుడు డార్క్ మోడ్ వల్ల 39 నుంచి 47 శాతం వరకు ఆదా కనిపించింది. వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉంచినప్పుడు ఆ ఆదా 3 నుంచి 9 శాతానికే పరిమితమైంది. మన పిల్లలకు ఇచ్చిన తొలి విడత ట్యాబుల్లో, చౌక ఫోన్లలో ఉన్నవి ఎల్‌సీడీ తెరలు. వాటిలో వెనుకనున్న దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్నది నలుపైనా తెలుపైనా. అక్కడ డార్క్ మోడ్‌తో దక్కేది శూన్యం. వెలుగు తగ్గించడమే మార్గం. ఆరుబయట ఎండలో కూర్చొని తెర కనబడక వెలుగు పూర్తిగా పెంచే బదులు వరండాలోకి, చెట్టు నీడలోకి జరిగితే సరి. చుక్కలు లెక్కించే సాంకేతికత కన్నా వేపచెట్టు నీడ ఇక్కడ ఎక్కువ పొదుపు చేస్తుంది.

పాఠంలో దృశ్యం అవసరం లేనిచోట శబ్దమే చాలు. పద్య పఠనం, ఆంగ్ల ఉచ్చారణ, చరిత్ర కథనం వంటివి తెర ఆర్పి వినవచ్చు. పాఠ్యాంశ రూపకర్తలు ఈ మార్గాన్ని ఎందుకో చిన్నచూపు చూస్తున్నారు. వీడియో లేనిదే పాఠం కాదన్న భావన బలపడింది.

రేకుల ఇంటి వేడి

లిథియం బ్యాటరీకి ప్రథమ శత్రువు వేడి. సాధారణంగా తయారీదారులు పరికరాన్ని 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడాలని సూచిస్తారు. వేసవిలో ఉదయగిరి ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం ఈ ప్రాంతవాసులకు కొత్త కాదు. రేకుల ఇంట్లో మధ్యాహ్నం వేళ లోపలి వేడి అంతకన్నా ఎక్కువ. ఆ సమయంలో దళసరి పౌచ్‌తో సహా ట్యాబును ఛార్జింగ్‌లో పెట్టి, అదే సమయంలో వీడియో చూస్తే బయటి వేడి, ఛార్జింగ్ వేడి, వాడకపు వేడి మూడూ కలుస్తాయి. ఒక వేసవిలో ఇలా కలిగే నష్టం మామూలు వాడకంలో ఏడాది నష్టాన్ని మించినా ఆశ్చర్యం లేదు. తెల్లవారుజామున, పౌచ్ తీసి, నేలపై గాలి తగిలే చోట ఛార్జింగ్ పెట్టడం ఉత్తమం. పరుపు మీద, దిండు కింద అస్సలు పెట్టరాదు. 80 శాతానికి చేరగానే తీసివేయడం, 20 శాతం కిందికి పోనివ్వకపోవడం మేలు చేస్తుంది. అయితే తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఈ నియమాన్ని పక్కనపెట్టి నూరు శాతం నింపుకోవాల్సిందే. 2023 డిసెంబరులో మిచౌంగ్, 2025 అక్టోబరులో మొంథా తుపాన్లు వచ్చిన రోజులు జిల్లావాసులకు గుర్తుండే ఉంటాయి. స్తంభాలు ఒరిగితే కరెంటు ఎప్పుడు వస్తుందో చెప్పలేరు. టవరు కూడా తన బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే పనిచేస్తుంది.

వేసవి సెలవుల విషయం దాదాపు ఎవరి దృష్టికీ రాదు. ఏప్రిల్ చివర బడి మూసే వేళ ఖాళీ అయిన ట్యాబును పెట్టెలో పడేసి, జూన్ 12న తెరిచేసరికి అది లేవకపోవచ్చు. పూర్తిగా ఖాళీ అయిన స్థితిలో వారాల తరబడి ఉంచితే లిథియం బ్యాటరీ కోలుకోలేని విధంగా దెబ్బతింటుంది. సగం ఛార్జింగ్ చేసి, స్విచాఫ్ చేసి, ఇంట్లో చల్లని మూలన ఉంచాలి. మధ్యలో ఒకసారి చూసుకోవాలి. ఖర్చు లేని ఈ జాగ్రత్తను సెలవుల ముందురోజు ప్రార్థన సమావేశంలో ప్రధానోపాధ్యాయుడు రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. వెనుక భాగం ఉబ్బిన ట్యాబు కనిపిస్తే మాత్రం పొదుపు మాట మరిచి, ఛార్జింగ్ పెట్టకుండా వెంటనే పక్కన పెట్టించాలి. ఉబ్బిన బ్యాటరీ నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

ఇస్త్రీపెట్టె కన్నా తక్కువ

ఇంట్లో ఛార్జింగ్ కష్టమైన పిల్లలకు బడిలోనే ఆ వసతి కల్పించలేమా? 30 మంది ఉన్న తరగతిలో అందరి ట్యాబులనూ 15 వాట్ల ఛార్జర్లతో ఒకేసారి పెట్టినా అవసరమయ్యేది 450 వాట్లు. ఇంట్లో వాడే ఇస్త్రీపెట్టె ఇంతకన్నా ఎక్కువ లాగుతుంది. కొరత కరెంటుది కాదు, ప్లగ్ పాయింట్లది. నాడు-నేడు పథకం కింద 2019 నుంచి బడుల్లో ఫ్యాన్లు, దీపాలు అమర్చారు. గోడకు ఒక స్విచ్చుబోర్డు చొప్పున ఆనాటి అవసరానికి సరిపోయింది. ఎక్స్‌టెన్షన్ తీగకు మరో ఎక్స్‌టెన్షన్ తగిలించే తాత్కాలిక ఏర్పాట్లు పిల్లలు తిరిగే గదిలో ప్రమాదకరం. ఎర్తింగ్ ఉన్న పదిహేను, ఇరవై పాయింట్ల పట్టీ ఒకటి గోడకు బిగించడం ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని.

సౌర విద్యుత్తు లెక్క ఇంకా ఆకర్షణీయంగా ఉంటుంది. 330 వాట్ల పలక ఒకటి రోజుకు నాలుగు గంటల పూర్తి ఎండకు సమానమైన వెలుగు అందుకొంటే 1.3 యూనిట్లు ఇస్తుంది. దాంతో 50 ట్యాబులను నింపవచ్చు. బడి వేళలు, ఎండ వేళలు ఒకటే కావడం కలిసివచ్చే అంశం. మెట్ట ప్రాంతంలో నీటికి కరవు గానీ ఎండకు కరవు లేదు.

పదిహేను మందికి ఒకే తెర

ఒక్కొక్కరికి ఒక్కో తెర ఇవ్వడమొక్కటే మార్గం కాదని ఈ రాష్ట్రంలోనే రుజువైంది. డిజిటల్ గ్రీన్ అనే స్వచ్ఛంద సంస్థ స్థానిక రైతులతోనే ఎనిమిది, పది నిమిషాల వ్యవసాయ వీడియోలు తీయించి, చేతిలో ఇమిడే బ్యాటరీ ప్రొజెక్టరుతో మహిళా సంఘాల సమావేశాల్లో చూపించే పద్ధతిని ప్రవేశపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో స్వయం సహాయక సంఘాలతోనూ, తరువాత ప్రకృతి వ్యవసాయాన్ని చేపట్టిన రైతు సాధికార సంస్థతోనూ కలిసి పనిచేసింది. పదిహేను, ఇరవై మంది ఒక గోడపై బొమ్మ చూస్తారు. నడిపే కార్యకర్త మధ్యలో ఆపి, ప్రశ్నలడిగి, మళ్లీ నడిపిస్తారు. ఇంటర్నెట్ అవసరం లేదు, కరెంటు లేకున్నా సమావేశం ఆగదు. ఇరవై ఫోన్ల బ్యాటరీలు అరిగే బదులు ఒక్కటే అరుగుతుంది. అంతకుమించి, చూసినదానిపై అక్కడే చర్చ జరుగుతుంది. చిట్టి పాఠానికి ఇంతకన్నా పొదుపైన రూపం ఇంతవరకు రాలేదన్నది మా అభిప్రాయం. 1975-76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపిన సైట్ ప్రయోగంలో ఎంపికైన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. నాడూ ఊరంతటికీ ఒకే పెట్టె. కలిసి చూసే అలవాటు మనకు కొత్తదేమీ కాదు.

బడికీ ఇది వర్తిస్తుంది. తరగతి గదిలో అందరూ ఒకే పాఠం చూడాల్సినప్పుడు 30 ట్యాబులు తెరిపించడం కన్నా ఇంటరాక్టివ్ ప్యానెల్ వాడడం మేలు. ఆ ప్యానెల్ నూరు వాట్లకు పైగా తీసుకుంటుంది, నిజమే. ట్యాబులన్నీ కలిసి తీసుకునేదీ అంతకు దగ్గరగానే ఉంటుంది. తేడా ఏమిటంటే ప్యానెల్ వాడితే 30 బ్యాటరీలకు విశ్రాంతి దొరుకుతుంది. ఆ ఛార్జింగ్ సాయంత్రం ఇంటి దగ్గర పిల్లవాడు ఒంటరిగా అభ్యాసం చేసే వేళకు మిగులుతుంది.

ఉపాధ్యాయుల ఫోన్ల గోడు వేరు. 2022 ఆగస్టులో ముఖ ఆధారిత హాజరు మొదలయ్యాక వారి సొంత ఫోన్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల ఫొటోలు అంటూ యాప్‌లు పేరుకుపోయాయి. ఉదయం పదికల్లా సగం ఖాళీ అయిన ఫోన్‌లో శిక్షణ పాఠం చూడమంటే ఎలాగన్నది వారి వాదన. పలు యాప్‌ల స్థానే లీప్ పేరిట ఒకే యాప్‌ను పాఠశాల విద్యాశాఖ 2025లో తేవడం ఈ దిశలో మేలైన అడుగే. పోషణ్ ట్రాకర్‌తో పనిచేసే అంగన్‌వాడీ కార్యకర్తలదీ ఇటువంటి స్థితే.

టెండరులో రెండు గడులు

ఐరోపా సమాఖ్య 2025 జూన్ 20 నుంచి తన విపణిలో అమ్మే కొత్త ఫోన్లు, ట్యాబుల బ్యాటరీలు 800 పూర్తి ఛార్జింగుల తరువాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని నిబంధన విధించింది. ఒక నమూనా అమ్మకాలు ఆగిన తరువాత ఏడేళ్లపాటు విడిభాగాలు అందుబాటులో ఉంచాలని కూడా ఆదేశించింది. మన దేశంలోనూ మరమ్మతుకు ఎంత అనువైనదో తెలిపే సూచికపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2024లో కమిటీ వేసింది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను సేకరించే బాధ్యత ఉత్పత్తిదారులదే. అయినా మెట్ట పల్లెలో చనిపోయిన ట్యాబును ఎవరికి అప్పగించాలో తల్లిదండ్రులకు చెప్పేవారు లేరు.

లక్షల సంఖ్యలో ఒకేసారి కొనే ప్రభుత్వం మామూలు కొనుగోలుదారు కాదు. అది అడిగితే కంపెనీలు ఇస్తాయి. తెర ఎన్ని అంగుళాలు, మెమరీ ఎంత అన్న వివరాలతో పాటు, ఎన్ని ఛార్జింగుల తరువాత 80 శాతం మిగులుతుంది, అయిదేళ్ల వరకు బ్యాటరీని ఏ ధరకు ఏ మండల కేంద్రంలో మార్చి ఇస్తారు అన్న రెండు గడులు టెండరు పత్రంలో చేర్చవచ్చు. ఇప్పటికే పంపిణీ అయిన ట్యాబులకైతే మండల విద్యా వనరుల కేంద్రంలో ఏడాదికి రెండు రోజులు, సెలవుల ముందు ఒకటి, బడి తెరిచాక ఒకటి, బ్యాటరీ పరీక్ష ఏర్పాటు చేస్తే చాలు. పని చేసేవి ఏవి, బ్యాటరీ మారిస్తే లేచేవి ఏవి, పూర్తిగా పోయినవి ఏవి అన్న లెక్క తేలుతుంది. పైతరగతులకు వెళ్లిన విద్యార్థులు వాడకుండా వదిలేసినవి కింది తరగతుల వారికి చేరతాయి.